పాత ఫోర్డ్ పికప్‌లో మీటర్లన్నీ ఒకేసారి ఫుల్ దాటిపోతున్నాయా? కొత్త కిట్ కొనేముందు ఇవి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు చూసుకోండి. మీరు టెక్సస్‌లో ఒక రైతు దగ్గర 1970 ఫోర్డ్ ఎఫ్-100 కొన్నారు. డాష్ వెనకాల వైర్లు పెళుసెక్కి, చేత్తో వంచితే తొడుగు రాలిపోతుంటే క్లస్టర్ (మీటర్లన్నీ కలిసి ఉండే పెట్టె) మొత్తం బయటికి తీసి వైర్లు మార్చారు. పనిలో పనిగా క్లస్టర్‌ను శుభ్రం చేసి, వెనకవైపు కూడా పెయింట్ కొట్టారు. బిగించి తాళం తిప్పితే ఇంజిన్ చల్లగా ఉండగానే టెంపరేచర్ ముల్లు సగానికి వచ్చింది. స్టార్ట్ చేశాక పెట్రోలు ముల్లు ఫుల్ దాటిపోయింది, ఆయిల్ ముల్లు అవతలి అంచుకు ఆనుకుంది, అయిదు నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు కూడా వేడి గీత దాటేసింది. రేడియేటర్ పై గొట్టం పట్టుకుంటే మాత్రం మామూలుగానే ఉంది. ఆంపియర్ మీటర్ అసలు కదలడం లేదు, డాష్ లైట్లు మసకగా వెలుగుతున్నాయి. "మీటర్లు కాలిపోయినట్టున్నాయి, హార్నెస్‌తో (వైర్ల కట్టతో) సహా అంతా పీకేసి కొత్త మీటర్ల కిట్ వేసేయమంటారా" అన్నది మీ ప్రశ్న.

వద్దండీ. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పక్కన పెట్టండి. సంగతి తేలేదాకా తాళం తిప్పొద్దు. మీటర్లు ఇంకా కాలిపోలేదు, కానీ ఇలాగే నడిపితే నిజంగానే కాలిపోతాయి.

ఇంట్లో ముగ్గురికి ఒకే రోజు వాంతులైతే ముగ్గురి కడుపులూ చెడ్డాయనుకోం, ముగ్గురూ తాగిన నీళ్లు ఎక్కడివో చూస్తాం. మీ మూడు మీటర్లూ తాగే నీళ్లు ఒకే చోటు నుంచి వస్తాయి. క్లస్టర్ వెనకాల అగ్గిపెట్టె కన్నా చిన్న రేకు డబ్బా ఒకటి ఉంటుంది. దాని పేరు ఇన్‌స్ట్రుమెంట్ వోల్టేజ్ రెగ్యులేటర్. బానెట్ కింద ఆల్టర్నేటర్‌కు ఉండే రెగ్యులేటర్ వేరు, ఇది వేరు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని, దుకాణంలో అడిగి ఆల్టర్నేటర్‌ది తెచ్చుకుంటారు. పనంతా అక్కడే దారి తప్పుతుంది.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నేను ఎర్త్ గురించి, అంటే కరెంటు బండి ఇనుము మీదుగా బ్యాటరీకి తిరిగొచ్చే దారి గురించి, ఎందుకింత పట్టుబడుతున్నానో మీకు అర్థం కాదు. నేను ఈ పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీల మీద. చేరిన మొదటి నెలలో ఒక లారీ వచ్చింది. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక దీపాలన్నీ కలిసి మసకగా కొట్టుకుంటున్నాయి. నేను బల్బులు మార్చాను, ఫ్యూజులు మార్చాను, స్విచ్ విప్పాను. మధ్యాహ్నం దాకా అదే పని. అన్నం తిని వచ్చిన మేస్త్రి గారు జానెడు వైరు ముక్క తీసుకుని, ఒక కొస దీపం డొక్కు మీద, ఇంకో కొస ఛాసిస్ మీద గీకి పట్టుకున్నారు. దీపాలన్నీ ఒక్కసారిగా భగ్గున వెలిగాయి. "కరెంటు వెళ్లింది సరేరా, తిరిగొచ్చే దారేది?" అన్నారు. ఆ తర్వాత ఇక్కడ అమెరికాకొచ్చి ఎన్నో పాత పికప్పులు బాగుచేశాను. ప్రతిసారీ మొదట ఆ వైరు ముక్కే తీస్తాను. మీ క్లస్టర్‌లోనూ పోయింది తిరిగొచ్చే దారే అని నా గట్టి నమ్మకం.

ఎందుకో చెబుతాను. ఫోర్డ్ 1955 దాకా ట్రక్కుల్లో 6 వోల్టుల బ్యాటరీ వాడింది, 1956 నుంచి 12 వోల్టులకు మారింది. మీటర్లను మాత్రం తక్కువ వోల్టేజీ మీదే ఉంచి, మధ్యలో ఈ చిన్న రెగ్యులేటర్ పెట్టింది. లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ ఒకటి ఉంటుంది, దాని చుట్టూ సన్నని వేడి తీగ చుట్టి ఉంటుంది. తాళం తిప్పగానే కాంటాక్ట్ మూసి ఉంటుంది, 12 వోల్టులు మీటర్లకు వెళతాయి. అదే కరెంటులో కొంత ఆ వేడి తీగ గుండా డబ్బా రేకులోకి, అక్కడి నుంచి ఎర్త్‌లోకి పోతుంది. తీగ వేడెక్కితే పట్టీ వంగి కాంటాక్ట్ తెరుచుకుంటుంది. చల్లారితే మళ్లీ మూసుకుంటుంది. ఇలా సెకనుకు ఒకటి రెండుసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే, మీటర్లకు సగటున 5 వోల్టుల పని జరుగుతుంది.

మరి ఇలా ఆగి ఆగి వచ్చే కరెంటుకు ముల్లు ఎందుకు కొట్టుకోదు? మీటరు లోపల కూడా ఉన్నది అలాంటి పట్టీయే కాబట్టి. దాని చుట్టూ వేడి తీగ, పట్టీ వంగితే ముల్లు జరుగుతుంది. వేడెక్కడానికీ చల్లారడానికీ దానికి టైమ్ పడుతుంది, అందుకే ఆ చిన్న చిన్న విరామాలు దానికి అందవు. తాళం తిప్పాక మీ పెట్రోలు ముల్లు మెల్లగా, బద్ధకంగా లేవడం చూసే ఉంటారు. గతుకుల్లో ట్యాంకులో పెట్రోలు ఎగిరిపడినా ముల్లు నిలకడగా ఉండేది కూడా ఇందుకే. నాకు ఈ పాత మీటర్ల మీద ఇష్టం కలగడానికి ఇదొక కారణం. రెండు పట్టీలు, రెండు తీగలు, అంతే. యాభై ఏళ్లు దాటినా పనిచేస్తున్నాయి.

ఇప్పుడు ఆ డబ్బాకు ఎర్త్ అందలేదనుకోండి. వేడి తీగలో కరెంటు పారదు, తీగ వేడెక్కదు, పట్టీ వంగదు, కాంటాక్ట్ మూసుకునే ఉంటుంది. 12 వోల్టులూ ఆపేవాడు లేకుండా నేరుగా మీటర్లకు వెళ్లిపోతాయి. ఇంజిన్ నడుస్తుంటే అది 14. వేడి వోల్టేజీకి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 5 బదులు 14 అంటే దాదాపు ఎనిమిది రెట్ల వేడి. ఈ డబ్బాకు ఎర్త్ అందేది దాని రేకు నుంచి, దాన్ని బిగించే ఒక్క స్క్రూ నుంచి. మీరు పెయింట్ కొట్టింది సరిగ్గా అక్కడే.

మీరు రాసినవాటిలో నన్ను బాగా ఆకట్టుకున్న గుర్తు ఇంకొకటుంది. ఇంజిన్ చల్లగా ఉండగా టెంపరేచర్ ముల్లు సగానికి రావడం. సెండర్లు అంటే ట్యాంకులో, ఇంజిన్ మీద ఉండి మీటర్లకు కొలత పంపే భాగాలు. మీ ట్రక్కులో అవి కరెంటుకు పెట్టే అడ్డు (రెసిస్టెన్స్) అటు 73 ఓమ్‌లు, ఇటు 10 ఓమ్‌లు. ట్యాంకు ఖాళీ, ఇంజిన్ చల్లన అంటే 73 దగ్గర. ట్యాంకు నిండుగా, ఇంజిన్ బాగా వేడి అంటే 10 దగ్గర. మీటరు తీగ సుమారు 12 ఓమ్‌లు. 5 వోల్టుల మీద, సెండర్ 73 ఉంటే మొత్తం 85 ఓమ్‌లు, కరెంటు 0.06 ఆంపియర్, ముల్లు కింద ఉండాలి. అదే 85 ఓమ్‌ల మీద 12 వోల్టులు పడితే 0.14 ఆంపియర్. అది మామూలుగా ముల్లు సగంలో ఉన్నప్పుడు పారే కరెంటు. లెక్క అచ్చంగా మీరు చెప్పిన చోటికే వస్తోంది. మీటర్లు కాలిపోయి ఉంటే ముల్లు లేవనే లేవదు. కాలిన తీగలో కరెంటు పారదు కదా.

సరే, పనిలోకి వద్దాం. క్లస్టర్ బయటికి తీసేటప్పుడు ముందు వెనక చెయ్యి పెట్టి స్పీడోమీటర్ కేబుల్ విప్పండి. అది విప్పకుండా క్లస్టర్‌ను ముందుకు లాగితే వెనకాల ఉన్న పల్చటి ప్రింటెడ్ సర్క్యూట్ షీటు చిరుగుతుంది. తీశాక వెలుతురులో పెట్టి ఆ షీటు మీది రాగి దారులు ఒక్కొక్కటీ చూడండి. పగుళ్లు ఎక్కువగా ప్లగ్ దిగేచోట, బల్బు హోల్డర్లు తిప్పేచోట వస్తాయి. మసిగా ఉన్న రాగిని పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి, మెరిసిపోతుంది. గరుకు కాగితం వాడొద్దు, పూత లేచిపోతుంది. ఎక్కడైనా దారి తెగి ఉంటే షీటు మీద టంకం పెట్టే ప్రయత్నం చేయకండి, ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది. ఆ రెండు చివరల మధ్య పైనుంచి విడిగా ఒక వైరు వేసుకోవడం మేలు.

తర్వాత రెగ్యులేటర్ స్క్రూ విప్పి, దాని కిందా, రేకు చెవి కిందా పెయింట్ పూర్తిగా గీకేయండి. క్లస్టర్‌ను డాష్‌కు బిగించే స్క్రూల దగ్గర కూడా అంతే. నేనైతే అక్కడితో ఆగను. రెగ్యులేటర్ స్క్రూ కింద రింగ్ టెర్మినల్ పెట్టి, ఒక నల్ల వైరు తీసుకెళ్లి డాష్ లోపలి ఇనుముకు బిగిస్తాను. క్లస్టర్ స్క్రూలు ఎంత తుప్పు పట్టినా ఇక ఆ దారి పోదు. ఫ్యాక్టరీలో ఈ వైరు లేదు, మీరు వేస్తే తప్పూ లేదు. మొత్తం పనిలో మీకు ఎక్కువ ఉపయోగపడే వైరు ఇదే.

పరీక్ష చేసేటప్పుడు ఒక్క సంగతి మర్చిపోవద్దు. క్లస్టర్ బయటికి వేలాడుతూ, ప్లగ్ మాత్రం పెట్టి తాళం తిప్పితే ఎర్త్ ఉండదు. అంటే బాగున్న క్లస్టర్‌లో కూడా ముళ్లన్నీ ఫుల్ దాటతాయి. చాలామంది ఇక్కడే కంగారుపడి మంచి రెగ్యులేటర్ పారేస్తారు. పాతికేళ్ల క్రితం ఇక్కడ మొదటి ఎఫ్-100 మీద పనిచేసినప్పుడు నేనూ అలాగే చేశాను, ఒక పెట్రోలు మీటరు పోయింది. అది దొరకడానికి రెండు నెలలు పట్టింది. కాబట్టి ముందు రెగ్యులేటర్ రేకుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య క్లిప్పుల వైరు పెట్టండి, ఆ తర్వాతే తాళం.

ఇప్పుడు టెస్ట్ లైట్ ఒక కొస ఎర్త్‌కు పెట్టి, ఇంకో కొసను రెగ్యులేటర్ అవుట్‌పుట్ వైపు ఆనించండి. లైట్ మొదట ఒకటి రెండు క్షణాలు నిలకడగా వెలిగి, తర్వాత మిణుకు మిణుకుమంటూ ఒక లయలో కొట్టుకోవాలి. ఆ మిణుకు కనిపిస్తే రెగ్యులేటర్ బతికే ఉంది. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఎర్త్ ఇంకా అందలేదన్నమాట, లేదా కాంటాక్టులు అతుక్కుపోయాయి. అసలు వెలగకపోతే ఇన్‌పుట్ వైపు చూడండి. అక్కడ 12 ఉండి ఇక్కడ ఏమీ లేకపోతే డబ్బా పోయినట్టే. డిజిటల్ మల్టీమీటర్‌తో ఇది చూడటం కష్టం, అంకెలు 0 నుంచి 12 దాకా గెంతుతుంటాయి. అవి చూసి చెడిపోయిందనుకోకండి. ముల్లు ఉన్న పాత మల్టీమీటర్ ఎవరి దగ్గరైనా ఉంటే అరువు తెచ్చుకోండి.

డబ్బా నిజంగా పోతే పాత రకమే కొనక్కర్లేదు. కాంటాక్టులు లేని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు దొరుకుతాయి, నిలకడగా 5 వోల్టులు ఇస్తాయి. చెయ్యి తిరిగినవాళ్లు 7805 అనే మామూలు చిప్‌ను పాత డబ్బాలోనే పెట్టి సొంతంగా చేసుకుంటారు. మూడు మీటర్లూ ఫుల్ చూపిస్తున్నప్పుడు కూడా మొత్తం 0.7 ఆంపియరే, ఆ చిప్ తట్టుకుంటుంది. కానీ వేడి పోవడానికి దాన్ని లోహానికి బిగించాలి. పాత డబ్బాకు ఇన్‌పుట్, అవుట్‌పుట్ తారుమారైతే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. ఎలక్ట్రానిక్ దానికి మాత్రం అక్కడితో ఆయుష్షు తీరినట్టే. ఏది వేసినా ఇన్‌పుట్ వైరులో 3 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి పెట్టండి.

రెగ్యులేటర్ సర్దుకున్నాక మీటర్లను పరీక్షించండి. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో 10 ఓమ్‌లది ఒకటి, 22 ఓమ్‌లది ఒకటి, 75 ఓమ్‌లది ఒకటి, 5 వాట్ల రెసిస్టర్లు తెచ్చుకోండి. సరిగ్గా 73 దొరకదు, 75 చాలు. బ్యాటరీ విప్పి ఉండగానే పెట్రోలు సెండర్ వైరు విప్పి, ఆ వైరుకూ ఎర్త్‌కూ మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్ బిగించి, ఆ తర్వాతే బ్యాటరీ కలిపి తాళం తిప్పండి. ఒక నిమిషం ఆగండి, తొందరపడొద్దు. ముల్లు ఫుల్ గీత మీదికి రావాలి. 22 పెడితే సగం దగ్గర, 75 పెడితే ఖాళీ గీత దగ్గర. ముళ్లు ఈ మూడు చోట్లా సరిగ్గా నిలిస్తే ఆ మీటరుకు మీరు ఒక్క డాలరు కూడా పెట్టాల్సిన పని లేదు. ఆయిల్, టెంపరేచర్ మీటర్లకు కూడా ఇవే రెసిస్టర్లు పనికొస్తాయి. సెండర్ వైరును నేరుగా ఎర్త్‌కు తగిలించి చూడమని కొందరు చెబుతారు. రెండు క్షణాలైతే ఫర్వాలేదు గానీ నాకు ఆ పద్ధతి ఇష్టం లేదు. మీటరు బతికుందో లేదో చెబుతుంది, సరిగ్గా చూపిస్తోందో లేదో చెప్పదు.

మీటర్ల వెనక నట్లు బిగించేటప్పుడు బలం చూపించకండి. ఆ బోల్టు లోపలే తిరిగితే దానికి అతికి ఉన్న సన్నని తీగ తెగిపోతుంది. ఇక దాన్ని బాగుచేయలేం. వేళ్లతో బిగించి, పానాతో ఒక్క పిసరు తిప్పితే చాలు.

ఇక వైర్ల అవతలి చివర, అంటే సెండర్లు. మీ ట్రక్కులో ఫ్యాక్టరీ రంగులు మిగిలి ఉంటే పెట్రోలుది పసుపు మీద తెల్ల గీత, టెంపరేచర్‌ది ఎరుపు మీద తెల్ల గీత, ఆయిల్‌ది తెలుపు మీద ఎర్ర గీత. టెంపరేచర్, ఆయిల్ రంగులు ఒకదానికొకటి తిరగేసినట్టు ఉంటాయి, ఇంజిన్ నూనెలో నల్లబడ్డాక తేడా తెలియదు. పాత ట్రక్కు కదా, ముందున్నవాళ్లు ఎవరేం మార్చారో తెలియదు. రంగును నమ్మకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకు మల్టీమీటర్‌తో కంటిన్యుటీ, అంటే రెండు కొసలూ ఒకే వైరువేనా అన్నది, చూసుకోండి. నల్ల వైరు మీద ఏదైనా గీత ఉంటే దాన్ని ఎర్త్ అనుకుని కోయకండి, అందులో కరెంటు ఉండొచ్చు.

1967 నుంచి 1972 దాకా వచ్చిన ఎఫ్-100లో పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనకాల ఉంటుంది. ఇది మనకు సౌకర్యం, ప్రమాదం కూడా. సెండర్ చేతికి అందుతుంది గానీ, ఒక నిప్పురవ్వ ఎగిరితే మీరు లోపలే ఉంటారు. రెండు తలుపులూ తెరిచి, బ్యాటరీ విప్పి, పెట్రోలు వాసన పూర్తిగా పోయాకే చెయ్యి పెట్టండి. అక్కడ కరెంటు ఉండగా వైర్లు తాకించి చూడటం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. సెండర్ ఓమ్‌లు కొలవాలంటే వైరు విప్పేసి కొలవండి. ట్యాంకుకు ఎర్త్ దాన్ని బిగించే పట్టీలు, బోల్టుల నుంచే అందుతుంది. మీరు ట్యాంకుకూ రంగు వేయించి, కింద రబ్బరు పెట్టి ఉంటే అక్కడా దారి మూసుకుపోయి ఉండొచ్చు. సెండర్ రేకు నుంచి క్యాబిన్ ఇనుముకు ఒక వైరు వేయండి.

టెంపరేచర్, ఆయిల్ సెండర్లకు ఇంజిన్‌లోకి బిగించే మరచుట్ల నుంచే ఎర్త్ అందుతుంది. ఆ చుట్లకు నీళ్ల పైపులకు వాడే తెల్ల టేపు దట్టంగా చుట్టి బిగిస్తే ఇంజిన్‌కూ సెండర్‌కూ మధ్య సంబంధం పోతుంది, ముల్లు తక్కువ చూపిస్తుంది. టెంపరేచర్ తక్కువ చూపడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ఇంజిన్ వెనక నుంచి క్యాబిన్ ముందు గోడకు అల్లిన రాగి పట్టీ ఒకటి ఉండాలి. ఎప్పుడో ఇంజిన్ దించి ఎక్కించినప్పుడు దాన్ని తిరిగి బిగించని ట్రక్కులే నేను ఎక్కువగా చూశాను. అది లేకపోతే ఇంజిన్ నుంచి తిరిగి రావాల్సిన కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ నుంచో స్పీడోమీటర్ కేబుల్ నుంచో దారి వెతుక్కుంటుంది. ఎర్త్ బాగుందో లేదో కళ్లతో చూసి చెప్పలేం. హెడ్‌లైట్లు వేసి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస ఇంజిన్ మీద, తర్వాత డాష్ ఇనుము మీద, తర్వాత ట్యాంకు మీద పెట్టి వోల్టులు చూడండి. 0.1 దాటితే అక్కడ శుభ్రం చేయాల్సింది ఉంది.

మీ స్నేహితుడు "సెండర్ వైరు పీకితే ముల్లు ఫుల్‌కి వెళ్లాలి, వెళ్లకపోతే మీటరు పోయినట్టే" అన్నారని రాశారు. ఆయన చెప్పింది నిజమే, కానీ షెవర్లే విషయంలో. 1965 తర్వాతి పాత షెవర్లే పికప్‌లో సెండర్ ఖాళీకి 0, ఫుల్‌కు 90 ఓమ్‌లు. వాటిలో ఈ రెగ్యులేటర్ డబ్బా కూడా లేదు, మీటర్ల పద్ధతే వేరు. వైరు తెగితే వాటి ముల్లు ఫుల్ దాటుతుంది. ఫోర్డ్‌లో వైరు తెగితే ముల్లు ఖాళీ కింద పడుకుంటుంది. ఒకదాని వైద్యం ఇంకోదానికి చేస్తే మంచి మీటరును చేతులారా పాడుచేసుకున్నట్టే. సెండర్ కొనేటప్పుడు కూడా డబ్బా మీద 73–10 అని ఉందో లేదో చూసుకోండి.

ఆంపియర్ మీటర్ సంగతి వేరు, దీనికీ రెగ్యులేటర్‌కూ సంబంధం లేదు. పాత ట్రక్కుల్లో ఇవి మూడు రకాలు. మీటరు వెనక రెండు లావు వైర్లు బోల్టులకు బిగించి ఉంటే బండి కరెంటంతా ఆ మీటరులోంచే పారుతుంది. పాత డాడ్జ్ ట్రక్కుల్లో ఇలా ఉంటుంది, ఆ కనెక్షన్లు వేడెక్కి కాలడం మామూలే. వైరు మీటరు వెనక ఒక కొక్కెం గుండా దూరి వెళ్తే ఇంకో రకం. రెండు సన్నని వైర్లే ఉంటే షంట్ రకం, మీ ఫొటోలో కనిపిస్తున్నది అదే. ఇందులో అసలు కరెంటు హార్నెస్‌లోని పెద్ద వైరులో పారుతుంది. ఆ వైరు రెండు చివరల మధ్య వచ్చే కొద్దిపాటి వోల్టేజీ తేడానే మీటరు చూపిస్తుంది. మీరు ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి కొత్తగా లావు వైరు వేశానన్నారు కదా. మంచి పనే చేశారు, కానీ కరెంటు ఇప్పుడు ఆ లావు దారినే పోతుంది, పాత వైరులో తేడా రాదు, ముల్లు కదలదు. మీటరు చెడలేదు.

ముల్లు కోసం ఆ లావు వైరు తీసేయమని నేను చెప్పను. కొత్తగా ఉన్నప్పుడు కూడా ఈ మీటర్ల ముల్లు అంతంతమాత్రంగానే కదిలేది. డాష్ కింద కనపడకుండా చిన్న వోల్ట్‌మీటర్ పెట్టుకోండి. ఇంజిన్ ఆపి ఉంటే 12.6, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే మీ ఛార్జింగ్ బాగున్నట్టు. పాత ఆంపియర్ మీటర్ అందం కోసం అలాగే ఉండనివ్వండి. దాని రెండు సన్నని వైర్లలో తాళం తీసినా కరెంటు ఉంటుంది కాబట్టి రెండింటికీ చిన్న ఫ్యూజులు తప్పనిసరిగా పెట్టండి. ఆ వైర్లు ఎక్కడైనా రేకుకు ఒరుసుకుని తొడుగు తెగితే రాత్రి ఆగి ఉన్న బండిలోనే మంట లేస్తుంది.

డాష్ లైట్లు మసకగా ఉండటానికి సగం కారణం ఇదివరకటి ఎర్తే. అది సర్దుకున్నాక కూడా మసకగా ఉంటే హెడ్‌లైట్ స్విచ్ గుండీని ఇటు చివర నుంచి అటు చివరకు ఇరవై సార్లు తిప్పండి. లోపల డిమ్మర్ (వెలుగు తగ్గించే) చుట్టు తీగ మీది తుప్పు రాలిపోతుంది. ఎల్ఈడీ బల్బులు వేసుకోవచ్చు గానీ పాత డిమ్మర్‌తో అవి సరిగ్గా తగ్గవు.

మీరు వేసిన వైర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఫొటోలో రెండుచోట్ల వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టినట్టు కనిపిస్తోంది. టెక్సస్ ఎండలో డాష్ వెనక ఆ టేపు జిగురు రెండు వేసవుల్లో కరిగి జారిపోతుంది. ఉన్న వైరును కోయకుండా పైనుంచి నొక్కి కలిపే ప్లాస్టిక్ క్లిప్పులూ వద్దు, లోపలి తీగలను తెంపుతాయి. మీటర్లకు 18 గేజ్ వైరు సరిపోతుంది. ఇంజిన్ వేడికి తట్టుకునే జీఎక్స్‌ఎల్ రకం తీసుకోండి, ఇళ్లలో వాడే వైరు కాదు. టెర్మినల్‌ను సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, గట్టిగా లాగి చూసి, హీట్ ష్రింక్ తొడిగి వేడి చేయండి. ముందు గోడ రంధ్రంలోంచి వైర్లు వెళ్లేచోట రబ్బరు గ్రోమెట్ లేకుండా ఒక్క వైరు కూడా వెళ్లకూడదు. ఒక్కో వైరు వేసినప్పుడే రెండు చివరలా చీటీ కట్టేయండి.

కొత్త కిట్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ కిట్లు చెడ్డవని కాదు. బండి ఇంజినే మార్చేసి, లోపలంతా కొత్తగా కట్టుకునేవాళ్లకు అవి బాగా పనికొస్తాయి. మీ బండి అలాంటిది కాదు. కిట్లలో పెట్రోలు మీటర్లు చాలావరకు 240–33 ఓమ్‌ల సెండర్‌కు తగినట్టు ఉంటాయి. మీ ట్యాంకులో ఉన్నది 73–10. అంటే మీటరుతో ఆగదు, సెండర్ కూడా మార్చాలి. క్లస్టర్ ముఖం కోయాలి. కోశాక మళ్లీ అతకదు. ఆ పాత అంకెలు, ఆ ఆకుపచ్చ వెలుగు చూసే కదా మీరు ఈ ట్రక్కు మీద మనసు పడింది. ఇక్కడ మీకు కావలసింది పెయింట్ గీకడానికి ఒక చాకు, రెండు గజాల నల్ల వైరు, మూడు రెసిస్టర్లు, ఒక శనివారం.

పని అయ్యాక మూడు రీడింగులు పంపండి. టెస్ట్ లైట్ మిణుకుతోందా లేదా, 10 ఓమ్‌ల మీద ఒక్కో ముల్లు ఎక్కడ నిలిచింది, హెడ్‌లైట్లు వేసి ఉండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఎన్ని వోల్టులు. అవి చూస్తే మిగిలింది సెండర్లోనా, షీటులోనా అన్నది చెప్పగలను. క్లస్టర్ వెనకవైపు ఫొటో ఒకటి మంచి వెలుతురులో, రెగ్యులేటర్ స్క్రూ కనిపించేలా తీసి పెట్టండి.